రెండు రిసీవర్లతో డైవర్సిటీ రిసెప్షన్: అమర్చుకునే విధానం

హెచ్‌ఎఫ్ (షార్ట్‌వేవ్) బ్యాండ్లలో దూరపు స్టేషను ఒక క్షణం గట్టిగా వినిపించి, మరుక్షణం నాయిస్‌లో మునిగిపోవడం ప్రతి అమెచ్యూర్ (హామ్ రేడియో) ఆపరేటరుకూ అనుభవమే. ఐనో ఆవరణం నుంచి తిరిగివచ్చే తరంగాలు వేర్వేరు దారుల్లో, వేర్వేరు ఆలస్యాలతో యాంటెన్నాను చేరుతాయి కాబట్టి అవి ఒకసారి ఒకదానికొకటి బలాన్నిస్తాయి, మరోసారి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి; దీనికి తోడు వాటి పోలరైజేషన్ (తరంగం కంపించే దిశ) కూడా నిలకడగా ఉండదు. ఒక యాంటెన్నాలో సిగ్నల్ అడుగంటిన క్షణంలోనే, దూరంగా ఉన్న మరో యాంటెన్నాలో అది బాగానే ఉండవచ్చు. ఇలా ఒకే సిగ్నల్‌ను రెండు యాంటెన్నాల నుంచి రెండు రిసీవర్లతో వినడమే డైవర్సిటీ రిసెప్షన్. ఒక్కో యాంటెన్నాలో సిగ్నల్ పది శాతం సమయం వినిపించకుండా పోతుందనుకుంటే, రెండు చోట్లా ఫేడింగ్ (సిగ్నల్ హెచ్చుతగ్గులు) పరస్పర సంబంధం లేకుండా జరిగే పక్షంలో, రెండింటిలోనూ ఒకేసారి పోయేది ఒక్క శాతం సమయమే. ఆచరణలో ఫేడింగ్ అంత స్వతంత్రంగా ఉండదు గానీ, లాభం మాత్రం చెవికి స్పష్టంగా తెలుస్తుంది.

అమెరికా రేడియో సంస్థ ఆర్‌సీఏ ఇంజనీర్లు బెవరేజ్, పీటర్సన్‌లు తమ సంస్థ టెలిగ్రాఫ్ సర్వీసులో వాడిన డైవర్సిటీ పద్ధతిని 1931లోనే వివరించారు. 1930ల చివరలో హాలిక్రాఫ్టర్స్ కంపెనీ డీడీ-1 అనే డైవర్సిటీ రిసీవరును మార్కెట్లోకి తెచ్చింది. ఆనాడు గది నిండే పరికరాలతో చేసిన పని ఈనాడు ఒకే పెట్టెలో ఇమిడింది, కానీ అసలు నియమం మారలేదు: రిసీవర్లు రెండూ ఎంత ఒకేలా ఉంటే అంత మంచిది, యాంటెన్నాలు రెండూ ఎంత వేరుగా ఉంటే అంత మంచిది. చాలామంది రెండో సగాన్నే గుర్తుంచుకుంటారు.

ముందుగా మీ ట్రాన్సీవరులో (ప్రసారం, స్వీకరణ రెండూ చేసే సెట్టులో) ఉన్నవి నిజంగా రెండు రిసీవర్లేనా అని చూసుకోండి. కొన్ని సెట్లలో డ్యూయల్ వాచ్ పేరుతో రెండు ఫ్రీక్వెన్సీలు వినిపిస్తాయి గానీ, రెండూ ఒకే యాంటెన్నా నుంచి, ఒకే ఫ్రంట్ ఎండ్ (రిసీవరు తొలి దశ) ద్వారా వస్తాయి. అవి ఈ పనికి పనికిరావు. రెండో రిసీవరుకు వేరే యాంటెన్నా కలుపుకొనే వీలుండాలి, రెండూ ఒకే రిఫరెన్స్ ఆసిలేటరు (ఫ్రీక్వెన్సీని నిర్ణయించే మూల సర్క్యూట్) మీద నడవాలి. సబ్ రిసీవర్ అమర్చిన ఎలెక్‌రాఫ్ట్ కే3 వంటి సెట్లలో డైవర్సిటీకి ప్రత్యేకమైన మోడ్ ఉంటుంది. అది ఆన్ చేస్తే రెండో రిసీవరు మొదటిదాన్ని అనుసరిస్తూ ట్యూన్ అవుతుంది. రెండు విడివిడి సెట్లతో ప్రయత్నిస్తే వాటి మధ్య రెండు హెర్ట్జ్ తేడా ఉన్నా చాలు, సీడబ్ల్యూ (మోర్స్) టోను సెకనుకు రెండుసార్లు తలచుట్టూ తిరుగుతున్నట్లు అనిపిస్తుంది. కాసేపు వింతగా ఉన్నా, గంటసేపు వినడం కష్టం.

తరువాత రెండు రిసీవర్లలోనూ మోడ్, ఫిల్టరు వెడల్పు, ఏజీసీ (సిగ్నల్ బలాన్ని బట్టి గెయిన్‌ను, అంటే సిగ్నల్ పెంపును, తనంతట తానే సర్దే ఏర్పాటు) వేగం ఒకేలా పెట్టండి. నాయిస్ రిడక్షన్, ఆటో నాచ్ (అనవసర టోన్లను తొలగించేది) వంటివి ఆపివేయండి, ఎందుకంటే ఒక వైపు మాత్రమే పనిచేసే డిజిటల్ ప్రాసెసింగ్ ఆ వైపు ధ్వనిని ఆలస్యం చేస్తుంది, అప్పుడు రెండు చెవుల మధ్య పొంతన పోతుంది. స్టీరియో హెడ్‌ఫోన్స్ తప్పనిసరి; మెయిన్ రిసీవరు ఎడమ చెవికి, సబ్ రిసీవరు కుడి చెవికి విడిగా వెళ్లేలా మెనూలో మార్చుకోండి. రెండు ధ్వనులనూ కలిపి ఒకే స్పీకరులో వినకూడదు: ఫేజులు ఎదురైనప్పుడు అవి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి, అంటే వదిలించుకోవాలనుకున్న ఫేడింగ్‌నే మనం మన రేడియో గదిలో మళ్లీ తయారు చేసుకున్నట్లవుతుంది.

ఇప్పుడు చేయవలసిన పరీక్షను ఎవరూ దాటవేయకూడదని నా అభిప్రాయం. ఒకే యాంటెన్నాను స్ప్లిట్టరు ద్వారా రెండు రిసీవర్లకూ ఇచ్చి, 10 మెగాహెర్ట్జ్ మీద వచ్చే టైమ్ సిగ్నల్ వంటి నిలకడైన క్యారియరును (మూల తరంగాన్ని) సీడబ్ల్యూ మోడ్‌లో వినండి. స్ప్లిట్టరులో పోయే మూడు డెసిబెళ్ల గురించి ఇక్కడ పట్టించుకోనక్కరలేదు. రెండు వైపులా గెయిన్ సరిచేసిన తరువాత టోను నుదుటి వెనుక ఒక చుక్కలా నిలబడాలి. సిగ్నల్ ఎంత హెచ్చుతగ్గులకు లోనైనా ఆ చుక్క కదలకూడదు. అది పక్కకు జరుగుతూ ఉంటే రిసీవర్ల ఫ్రీక్వెన్సీ లాక్ కాలేదని, కదలకుండా ఒక పక్కన ఉండిపోతే ఫిల్టర్లలోనో గెయిన్‌లోనో తేడా ఉందని అర్థం. చెవులు ఫేజ్ తేడాను సుమారు 1500 హెర్ట్జ్ లోపలే బాగా పసిగడతాయి కాబట్టి, సీడబ్ల్యూ పిచ్‌ను 500 హెర్ట్జ్ దగ్గర పెట్టుకోవడం మేలు.

ఏజీసీ గురించి కాస్త ఆలోచించాలి. రెండింటి ఏజీసీలు వేటికవే పనిచేస్తే, సిగ్నల్ తగ్గిన రిసీవరు తన గెయిన్ పెంచుకుని, ఆ చెవిలో నాయిస్‌ను హోరెత్తిస్తుంది. పాత డైవర్సిటీ రిసీవర్లలో ఉమ్మడి ఏజీసీ పెట్టింది ఇందుకే, బలమైన సిగ్నలే రెండు వైపులా గెయిన్‌ను శాసించేది. ఆ సదుపాయం లేని సెట్లలో ఆర్‌ఎఫ్ గెయిన్ తగ్గించి, ఖాళీ ఫ్రీక్వెన్సీ మీద రెండు చెవుల్లోనూ నాయిస్ సమానంగా వినిపించేలా సర్దుకోవడమే ఉపాయం. బలహీనమైన సీడబ్ల్యూ సిగ్నళ్లకు ఏజీసీ పూర్తిగా ఆపి, చేత్తోనే గెయిన్ సర్దుకునేవారూ ఉన్నారు, కానీ పక్కనే బలమైన స్టేషను ఉంటే చెవులు జాగ్రత్త.

ఇక యాంటెన్నాలు. దూరం ద్వారా తేడా సాధించాలంటే రెండింటి మధ్య కనీసం సగం వేవ్‌లెంగ్త్, వీలైతే ఒక పూర్తి వేవ్‌లెంగ్త్ ఉండటం మంచిది: 14 మెగాహెర్ట్జ్‌కు పూర్తి వేవ్‌లెంగ్త్ సుమారు 21 మీటర్లు, 7 మెగాహెర్ట్జ్‌కు సుమారు 42 మీటర్లు, 1.8 మెగాహెర్ట్జ్‌కు 160 మీటర్లకు పైనే. అంత జాగా లేనివారు ఒక వర్టికల్, ఒక హారిజాంటల్ డైపోల్ పెట్టి పోలరైజేషన్ తేడా మీద ఆధారపడవచ్చు. కింది బ్యాండ్లలో ట్రాన్స్‌మిట్ యాంటెన్నాకు తోడుగా బెవరేజ్ యాంటెన్నాను (నేలకు దగ్గరగా చాచిన పొడవాటి తీగను) గాని, చిన్న రిసీవింగ్ లూప్‌ను గాని వాడటం బాగా పనిచేస్తుంది. రెండో యాంటెన్నా సిగ్నల్ బలం తక్కువైనా ఫరవాలేదు, సిగ్నల్‌కూ నాయిస్‌కూ మధ్య నిష్పత్తి మాత్రం మొదటిదానికి దరిదాపుల్లో ఉండాలి. చుట్టుపక్కల విద్యుత్ పరికరాల రొదను మోసుకొచ్చే తీగ ఒక చెవిని వృథా చేయడం తప్ప చేసేదేమీ లేదు. అందుకే రెండు ఫీడ్‌లైన్లకూ (యాంటెన్నా కేబుళ్లకూ) ఫెరైట్ కామన్-మోడ్ చోక్ (కేబుల్ బయటి పొర మీద పారే రొదను అడ్డుకునేది) వేయండి.

ట్రాన్స్‌మిట్ చేసేటప్పుడు రెండో రిసీవరుకు రక్షణ కావాలి. పక్కనే ఉన్న యాంటెన్నా నుంచి వంద వాట్లు వెలువడుతుంటే రిసీవింగ్ యాంటెన్నాలోకి వచ్చే ఆర్‌ఎఫ్, ఫ్రంట్ ఎండ్‌ను దెబ్బతీయగలదు. సెట్టులోనే రక్షణ ఉందో లేదో మాన్యువల్‌లో చూసి, లేకపోతే పీటీటీ (ట్రాన్స్‌మిట్ స్విచ్) లైనుతో పనిచేసే రిలే పెట్టి ట్రాన్స్‌మిట్ సమయంలో ఆ యాంటెన్నాను విడదీయండి. రిలే తెరుచుకున్నాకే ఆర్‌ఎఫ్ మొదలయ్యేలా కొద్దిపాటి ఆలస్యం ఉండాలి.

అన్నీ కుదిరాక బ్యాండ్ మీద వింటే నాయిస్ తల అంతటా పరుచుకున్నట్లు, సిగ్నల్ అందులో ఒక చోటు ఎంచుకుని నిలబడ్డట్లు అనిపిస్తుంది. వేర్వేరు దిశల నుంచి వచ్చే స్టేషన్లు వేర్వేరు చోట్ల వినిపిస్తాయి కాబట్టి పైలప్‌లో (ఒకేసారి చాలామంది పిలిచే రద్దీలో) ఒక కాల్ సైన్‌ను విడదీసి పట్టుకోవడం తేలికవుతుంది.

ఎఫ్‌టీ8 వంటి డిజిటల్ మోడ్‌లలో సిగ్నల్‌ను కంప్యూటరే చదువుతుంది, చెవి పాత్ర లేదు గనుక పద్ధతి వేరు. డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్ అనే సాఫ్ట్‌వేర్‌ను రెండు వేర్వేరు రిగ్ పేర్లతో రెండుసార్లు తెరిచి, ఆడియో సెట్టింగులో ఒకదానికి ఎడమ చానల్, మరొకదానికి కుడి చానల్ ఇవ్వండి. ట్రాన్స్‌మిట్ మాత్రం మెయిన్ రిసీవరుకు కలిపిన దానినుంచే చేయండి.