మీటింగ్‌లో ఎవరూ నోరు విప్పడం లేదా? హెచ్‌ఓడీలకు (విభాగాధిపతులకు), డీన్లకు కొన్ని సమస్యలు - పరిష్కారాలు

ఇంజనీరింగ్ కాలేజీల్లో హెచ్‌ఓడీ కుర్చీ చాలామందికి సీనియారిటీతో వస్తుంది, శిక్షణతో కాదు. నిన్నటిదాకా పక్క టేబుల్ దగ్గర కూర్చున్నవాళ్లకే ఇవాళ పని చెప్పాలి. చెప్పి చేయించుకోవడం ఒకటి, వాళ్లే పూనుకునేలా చేయడం ఇంకొకటి. 1978లో అమెరికన్ చరిత్రకారుడు జేమ్స్ మెక్‌గ్రెగర్ బర్న్స్ రాజకీయ నాయకుల గురించి రాస్తూ ఈ తేడా చూపించారు. ఈ రెండోదానికి వాడే పరివర్తన నాయకత్వం అన్న మాట కాలేజీల దాకా వచ్చింది ఆ తర్వాతే.

సమస్య: "ఎవరైనా ఏమైనా చెప్తారా?" అంటే మీటింగ్‌లో నిశ్శబ్దం. బయట టీ దగ్గర మాత్రం అందరికీ అభిప్రాయాలే.

కారణం: భయం అనుకుంటాం. చాలాసార్లు అది లాభనష్టాల లెక్క. పోయిన సెమిస్టర్‌లో ల్యాబ్ మార్పు గురించి చెప్పిన మేడమ్‌కి "బాగుంది, మీరే చూడండి" అని మొత్తం పని తగిలించారు. ఆమె ఇన్విజిలేషన్ (పరీక్ష గది పర్యవేక్షణ) డ్యూటీలు మాత్రం ఒక్కటీ తగ్గలేదు. అది చూసినవాళ్లు మళ్లీ ఎందుకు నోరు తెరుస్తారు?

పరిష్కారం: సర్క్యులర్‌లో విషయం కాదు, ప్రశ్న పంపండి, అదీ రెండు రోజుల ముందే. జూనియర్లను ముందు మాట్లాడనివ్వండి, మీరు చివర మాట్లాడండి. సలహా ఇచ్చినవాళ్లకే పని ఇవ్వాల్సి వస్తే ఇంకేదో పని తీసేయండి. సలహా ఒప్పుకోకపోతే ఎందుకో వాళ్లకే చెప్పండి. రెండు మీటింగుల్లో మారిపోతుందని ఆశపడొద్దు.

సమస్య: సీఓ-పీఓ మ్యాపింగ్‌లో (ఒక్కో సబ్జెక్టు లక్ష్యాలు మొత్తం కోర్సు లక్ష్యాలకు ఎంత తోడ్పడతాయో అంకెల్లో చూపే పట్టికలో) పోయినేడాది వేసిన 1, 2, 3 అంకెలే మళ్లీ కనిపిస్తున్నాయి.

ఇక్కడ బద్ధకాన్ని తిట్టే ముందు మనం అడిగేదేమిటో చూసుకోవాలి. "ఫైల్ అయిందా?" అని అడిగితే ఫైల్ అవుతుంది. ఎన్‌బీఏ (కోర్సులకు గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) వాళ్లు తనిఖీకి వస్తున్న నెలలో మనం ఆ ప్రశ్న తప్ప ఇంకేమీ అడగం. ఒక్క సబ్జెక్టు తీసుకోండి. మిడ్ పరీక్షల జవాబు పత్రాలు టేబుల్ మీద పెట్టి, పిల్లలు ఏ ప్రశ్న దగ్గర ఆగిపోయారో ఆ సబ్జెక్టు చెప్పేవాళ్లతో కలిసి చూడండి. వచ్చే సెమిస్టర్‌కి మార్చేది ఒక్కటే రాసుకోండి.

సమస్య: "ఇవన్నీ మేం ఎప్పుడో చూశాం" అనే సీనియర్.

ఆయన నిజంగానే చూసి ఉంటారు. కొత్త డీన్‌తో వచ్చిన పథకం ఆ డీన్‌తోనే పోయి ఉంటుంది. గతంలో ఎక్కడ ఆగిందో ఆయన్నే అడగండి. ఆ కబుర్లలో సగం చాడీలే ఉన్నా, మిగతా సగం పనికొస్తుంది.

సమస్య: బాగా చెప్పే యువ లెక్చరర్లు వెళ్లిపోతున్నారు.

పీహెచ్‌డీ పనికి టైమ్‌టేబుల్‌లో వారానికి ఒక పూట ఖాళీ చేసి, దాన్ని ఎవరూ లాక్కోకుండా చూడండి. కానీ జీతాలు నెలల తరబడి ఆగితే ఈ నైపుణ్యాలేవీ పనిచేయవు. అప్పుడు స్టాఫ్‌కి స్ఫూర్తి ప్రసంగం ఇవ్వకండి, మేనేజ్‌మెంట్ గదికి వెళ్లండి.