బల్క్ మెయిల్ డేటా ఫైళ్లు, నాలుగో పాఠం: డోర్ నంబరు తేదీ అయిపోతే

పోయిన పాఠం తర్వాత బరంపురం, పర్లాకిమిడి, రాయగడ నుంచి చాలామంది తమ ఫైళ్లు పంపారు. మనం నేర్చుకుంటున్న మెయిల్.డాట్, బల్క్ మెయిల్ వివరాలు రాయడానికి అమెరికా తపాలా శాఖ తీసుకునే ఫార్మాట్. మన పోస్టాఫీసు అడగదు. అయినా వేల ఉత్తరాల లెక్కను హెడర్ (అన్ని ఫైళ్ల పట్టిక), సెగ్మెంట్ (మొత్తం ఉత్తరాల్లో ఒక భాగం), కంటైనర్ (కట్టలు వేసే సంచి లేదా పెట్టె), కట్ట అంటూ విడదీసి రాయడం నేర్చుకోవడానికి ఇంతకంటే మంచిది నాకు కనిపించలేదు. ఆ విడదీయడం మీకు వచ్చేసింది. జాబ్ ఐడీ, అంటే ఆ విడత ఉత్తరాలకు ఇచ్చే గుర్తింపు సంఖ్య, అన్ని ఫైళ్లలో ఒకటే ఉండాలని మళ్ళీ చెప్పను.

ఈరోజు కంటైనర్ లేబుళ్లు చెప్పాలి. మీ అడ్రస్ లిస్టులు చూశాక వాయిదా వేశాను.

చాలా లిస్టుల్లో డోర్ నంబరు గడిలో "03-డిసెంబర్" అని ఉంది. అసలు నంబరు 3-12. సీఎస్‌వీ ఫైలును (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైలు) డబుల్ క్లిక్ చేసి తెరవగానే ఎక్సెల్ దాన్ని తేదీ అనుకుంది. మీరు సేవ్ కొట్టారు. అంతే, అసలు నంబరు పోయింది. గడిని టెక్స్ట్‌గా మార్చినా తిరిగి రాదు. 2024లో తెరిచి ఉంటే 45629 అని కనిపిస్తుంది, ఎందుకంటే ఎక్సెల్ తేదీని లోపల రోజుల లెక్కగా దాచుకుంటుంది. 5-45 అయితే "మే-45" అని మే నెల తేదీ అవుతుంది. 18-45 మాత్రం చెక్కుచెదరదు. అందుకే పైన నాలుగు వరుసలు చూసి అంతా బాగుందనుకుంటారు. ఒకే వీధిలో ఇద్దరు అప్పారావులుంటే పోస్ట్‌మ్యాన్ ఏ గుమ్మం ఎక్కాలి? ఒడియా, బెంగాలీ పేర్ల లిస్టుల కంటే మన తెలుగువాళ్ల లిస్టుల్లోనే ఈ నష్టం ఎక్కువ చూశాను. గీత పెట్టి డోర్ నంబరు రాయడం మన అలవాటు కదా.

ఫైలును డబుల్ క్లిక్ చేయకండి. ఖాళీ ఎక్సెల్ తెరిచి, డేటా మెనూలో టెక్స్ట్/సీఎస్‌వీ నుంచి తెచ్చుకోండి. డేటా టైపులు గుర్తించవద్దు అన్న ఎంపిక తీసుకోండి. నేనైతే అడ్రస్ ఎక్కించేటప్పుడే "డో.నెం. 3-12" అని రాయిస్తాను. ముందు అక్షరాలుంటే ఎక్సెల్ దాని జోలికి రాదు. పాడైన వరుసలను ఊహించి దిద్దొద్దు, పాత కాగితం లిస్టు తీసి చూడండి. సేవ్ చేశాక ఫైలును నోట్‌ప్యాడ్‌లో చూడండి, ఎక్సెల్‌లో కాదు.

కట్టలు ఊరి పేరుతో కట్టకండి, పిన్‌తోనే కట్టండి. మన ఒడిశా బరంపురం 760001. పశ్చిమ బెంగాల్ ముర్షీదాబాద్ జిల్లాలో ఇంకో బరంపురం ఉంది, దాని పిన్ 742101. ఇంగ్లీషు స్పెల్లింగ్ ఇంచుమించు ఒకటే. ఇచ్ఛాపురం మనకు పక్కనే, కానీ పిన్ 532312, ఆంధ్ర కట్టలోకి వెళ్తుంది.

అభ్యాసం: మీ సంఘం పత్రిక చందాదారుల్లో వందమందిని తీసుకోండి. పిన్ మొదటి మూడు అంకెలను బట్టి కట్టలు చేసి, కట్టల ఫైలూ కంటైనర్ ఫైలూ చేత్తో రాయండి. రెండింటి మొత్తాలూ సెగ్మెంట్ లెక్కతో ఒక్క కాపీ తేడా లేకుండా కలవాలి. హెడర్‌లో ప్రతి ఫైలు వరుసల సంఖ్య సరిగ్గా వేయండి. డోర్ నంబర్లను మాత్రం పక్కన ఒకరిని కూర్చోబెట్టుకుని పైకి చదివించి సరిచూడండి.