కాంక్రీట్ పంపు పైపు జామ్ కాకుండా, పగలకుండా ఎలా చూసుకోవాలి?

బెంగళూరులో వైట్‌ఫీల్డ్, సర్జాపూర్ రోడ్డు సైట్లలో పనిచేసే మనవాళ్ల కోసం, సొంతిల్లు కట్టుకుంటూ స్లాబుకి పంపు పిలిపించేవాళ్ల కోసం కూడా ఇది రాస్తున్నా.

ముందురోజే లైన్, అంటే పంపు నుంచి స్లాబు దాకా వేసిన పైపులన్నీ, చూస్కోండి. పైపు లోపల్నుంచి అరుగుతుంది, పైకి బాగానే కనిపిస్తుంది. బెండ్ల బయటి వంపు ఎక్కువ అరుగుతుంది, ప్రెషరేమో పంపు దగ్గర ఎక్కువ, అందుకే ఆ రెండు చోట్లా గేజ్‌తో మందం కొలిపించండి. పల్చబడినదానికి వెల్డింగ్ అతుకేసి మళ్లీ పెట్టొద్దు, తీసి పక్కన పడేయండి.

తర్వాత జాయింట్లు. పాత కాంక్రీట్ గీకేసి, రబ్బర్ సీల్ పెట్టి, క్లాంపుకి (రెండు పైపుల్ని కలిపి పట్టుకునే బిగింపు) పిన్ను వెయ్యాలి. సీల్ దగ్గర సిమెంట్ పాలు కారిపోతే లోపల కంకర, ఇసుక పొడిగా మిగిలి బిగుసుకుపోతాయి, చాలా జామ్‌లు మొదలయ్యేది అక్కడే. నిలువు లైన్‌ని షట్టరింగ్‌కి కట్టొద్దు, ప్రతి స్ట్రోకుకీ, అంటే పంపు కాంక్రీట్‌ని తోసే ప్రతిసారీ, అదురుతుంది.

కాంక్రీట్ కంటే ముందు సిమెంట్ స్లర్రీ (నీళ్లలో కలిపిన సిమెంట్) పంపి పైపు లోపల తడపాలి, బయటికొచ్చిన స్లర్రీని స్లాబులో పోయకండి. కంకర సైజు పైపు వ్యాసంలో మూడో వంతు దాటకూడదు, 125 మి.మీ. పైపుకి 20 మి.మీ. కంకర బాగా నడుస్తుంది. గట్టిగా ఉందని మిక్సర్లో నీళ్లు కొట్టించకండి, నీళ్లూ కంకరా విడిపోయి ఇంకా జామవుతుంది, స్లాబు బలం కూడా పోతుంది.

సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో కాంక్రీట్ తెచ్చే తర్వాతి బండి ఇరుక్కుందనుకోండి, హాపర్ (పంపులో కాంక్రీట్ పోసే తొట్టి) ఖాళీ చేసేయకండి, పంపు గాలి లోపలికి లాగేస్తుంది. కొంచెం ఉంచి, కొన్ని నిమిషాలకోసారి ముందుకీ వెనక్కీ ఒకట్రెండు స్ట్రోకులు కదిలిస్తూ ఉండండి. ఎండ మండుతుంటే పైపుల మీద తడి గోనెసంచులు కప్పండి.

అయినా జామైందా? ముందుకే బలంగా తొయ్యొద్దు, రెండు మూడు స్ట్రోకులు రివర్స్ కొట్టి నెమ్మదిగా మళ్లీ ట్రై చేయండి. కదల్లేదంటే మళ్లీ రివర్స్ చేసి, ప్రెషర్ పూర్తిగా దిగిందని ఆపరేటర్ చూసి, పంపు ఆపేశాకే క్లాంపు విప్పాలి. దయచేసి ఈ ఒక్కదాంట్లో తొందరపడకండి అన్నా, ప్రెషర్‌తో క్లాంపు తెరిస్తే కంకర మొహానికి తుపాకీ గుండులా కొడుతుంది. విప్పేవాళ్లు పక్కకి నిలబడాలి, కళ్లద్దాలు పెట్టుకోవాలి. మళ్లీ స్టార్ట్ చేసేటప్పుడు చివరి రబ్బరు హోస్‌ దగ్గర ఎవరూ ఉండకూడదు, గాలి బయటికి తన్నిందంటే అది ఒక్కసారిగా విదిలించి మనిషిని స్లాబు మీంచి కింద పడేయగలదు.

పని అయ్యాక స్పాంజ్ బాల్‌తో, వీలైనంతవరకు నీళ్లతోనే కడగండి. కంప్రెసర్ గాలి తప్పదంటే ఆ పని తెలిసినవాళ్లే చేయాలి, చివరి హోస్‌ తీసేసి, బాల్‌ని పట్టే బుట్ట బిగించి, ఆ వైపు మనుషుల్ని పూర్తిగా ఖాళీ చేయించి.