హాలిడే పార్టీలో క్రిస్మస్ ట్రివియా: అమెరికాలో మొదటి డిసెంబర్ గడుపుతున్నవారికి

థ్యాంక్స్‌గివింగ్ సెలవులు అయ్యి మళ్ళీ ఆఫీసుకి వెళ్ళేసరికి క్యాలెండర్‌లో హాలిడే పార్టీ ఇన్వైట్ వచ్చి ఉంటుంది. తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్, అగ్లీ స్వెటర్ పోటీ, గిఫ్ట్ ఎక్స్చేంజ్, ఆఖర్న ట్రివియా, అంటే పండగ గురించి చిన్నచిన్న సంగతులు అడిగే క్విజ్. మొదటి మూడింటికీ మనవాళ్ళు ఎలాగో సిద్ధపడతారు. ట్రివియా దగ్గరికొచ్చేసరికి మాత్రం "ఇది వాళ్ళ చిన్ననాటి సంగతి, మనకేం తెలుస్తుంది" అనుకుని, తినడం కాగానే కోటు వేసుకుని బయటపడేవాళ్ళే ఎక్కువ. అలా వెళ్ళిపోవద్దని చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఏడాదంతా టికెట్లూ డెడ్‌లైన్లూ తప్ప ఇంకో మాట ఎత్తనివాళ్ళు చిన్నప్పుడు చూసిన సినిమాల గురించీ, అమ్మమ్మ ఇంట్లో పెట్టిన చెట్టు గురించీ మాట్లాడే గంట అది. పైగా అడిగే ప్రశ్నలు ఎక్కడైనా దాదాపు అవే. రెండు సాయంత్రాలు కూర్చుంటే మీ టీంకి అక్కరకొచ్చేంత తెలుస్తుంది.

ఆట రెండు రకాలుగా జరుగుతుంది. ఒకటి, టేబుల్‌కి నలుగురైదుగురు చొప్పున టీంలు కట్టి, ఎవరో ప్రశ్నలు చదువుతుంటే కాగితం మీద జవాబులు రాయడం. రెండోది ఫోన్‌లో ఆడే కహూట్ అనే క్విజ్ యాప్. కహూట్‌లో ప్రశ్న పెద్ద స్క్రీన్ మీద వస్తుంది, ఫోన్‌లో సాధారణంగా రంగు గడులే కనిపిస్తాయి, త్వరగా నొక్కినవాళ్ళకి ఎక్కువ పాయింట్లు. కాబట్టి స్క్రీన్ బాగా కనిపించే చోట కూర్చోండి. కాగితం ఆట అయితే మీకున్న అనుమానపు జవాబుని కూడా పైకే చెప్పేయండి. సగం తెలిసిన జవాబు పట్టుకుని పక్కవాళ్ళు మిగతా సగం పూర్తిచేస్తారు. ఏదైనా బొత్తిగా అర్థంకాకపోతే "అదేంటి?" అని అడగండి. ఆ ఒక్క ప్రశ్నకి టేబులంతా పోటీపడి కథ చెప్తుంది, వాళ్ళకి అది ఇష్టమైన పని.

బైబిల్ చదువుకుంటూ పెరిగినవాళ్ళకి ఇక్కడ ఒక మేలు ఉంది. పసివాడైన యేసుని చూడడానికి వచ్చిన తూర్పుదేశపు జ్ఞానులు ఎంతమంది అని తప్పకుండా అడుగుతారు. మత్తయి సువార్తలో సంఖ్య ఎక్కడా లేదు. బంగారం, సాంబ్రాణి, బోళం అని మూడు కానుకలు చెప్పారు కాబట్టి జ్ఞానులు కూడా ముగ్గురే అని లోకం అనుకుంది. మరియ గాడిదమీద బెత్లెహేము వెళ్ళిందన్న మాటా సువార్తల్లో లేదు, డిసెంబర్ 25 అన్న తేదీ కూడా లేదు. గొర్రెల కాపరులు లూకాలో, జ్ఞానులు మత్తయిలో కనిపిస్తారు. ఇవి ఆఫీసులో చాలామంది తప్పు చెప్పే ప్రశ్నలు, మీ టేబుల్‌కి పాయింట్లు తెచ్చేవి.

అయితే సువార్త ప్రశ్నలు ఒకటో రెండో. మిగతావన్నీ సాంటా, పాటలు, సినిమాలు. సాంటా బండిని లాగే రెయిన్‌డీర్ ఎన్ని అన్నది దాదాపు ప్రతి పార్టీలోనూ వస్తుంది. 1823లో న్యూయార్క్ రాష్ట్రంలోని ట్రాయ్ అనే ఊరి పత్రికలో, రాసినవారి పేరు లేకుండా అచ్చయిన ఒక కవితలో ఎనిమిది ఉన్నాయి. ఇప్పుడు చలామణిలో ఉన్న పేర్లు డాషర్, డాన్సర్, ప్రాన్సర్, విక్సెన్, కామెట్, క్యూపిడ్, డానర్, బ్లిట్జెన్. ఎర్ర ముక్కు రుడాల్ఫ్ వాటిలో లేదు. అది 1939లో పుట్టింది. మాంట్‌గోమరీ వార్డ్ అనే షికాగో రిటైల్ కంపెనీ పండక్కి పిల్లలకి ఉచితంగా పంచడానికి ఒక చిన్న పుస్తకం కావాలనుకుంది. ప్రకటనలు రాసే ఉద్యోగి రాబర్ట్ మే చేత రాయించింది. తోటివాళ్ళు వెక్కిరించి ఆటల్లో చేర్చుకోని ఒక పిల్ల రెయిన్‌డీర్, మంచు కమ్మిన రాత్రి తన ముక్కు వెలుగుతోనే అందరికీ దారి చూపించడం కథ. ఆయన బావమరిది వరస అయ్యే జానీ మార్క్స్ దాన్ని పాట చేశాడు, 1949లో జీన్ ఆట్రీ పాడాడు. ఆ పాట రాని అమెరికన్ ఉండడు. కాబట్టి ఎన్ని అని అడిగితే "రుడాల్ఫ్‌తో కలిపా, లేకుండానా?" అని ఎదురడగండి. ఆ కథ మీకు తెలుసని ఆ ఒక్క మాటతో టేబులందరికీ అర్థమవుతుంది.

సాంటా అసలు మనిషి సెయింట్ నికొలస్, నాలుగో శతాబ్దపు బిషప్. ఆయన ఉన్న మైరా పట్టణం ఇప్పటి టర్కీలో ఉంది. ఎర్ర కోటు కోకాకోలా వాళ్ళు కనిపెట్టిందనే మాట పార్టీల్లో తరచూ వినిపిస్తుంది. 1931 నుంచి హాడన్ సండ్‌బ్లోమ్ కోకాకోలా ప్రకటనలకి వేసిన బొమ్మలు ఆ రూపాన్ని స్థిరపరిచాయి, అది నిజమే. కానీ ఎర్ర కోటు సాంటా అంతకుముందే ఉన్నాడు. హార్పర్స్ వీక్లీ అనే పత్రికలో థామస్ నాస్ట్ 1863 నుంచే సాంటా బొమ్మలు వేశాడు. క్విజ్ నడిపేవాళ్ళ దగ్గర తప్పు జవాబు రాసి ఉంటే మాత్రం వాదించకండి, పాయింట్ పోతే పోనివ్వండి.

పాటల ప్రశ్నలు రెండు రకాలు. మొదటి వరుస ఇచ్చి తర్వాతది చెప్పమనడం ఒకటి. దానికి మార్గం వినడమే. నవంబర్ నుంచే షాపుల్లోనూ రేడియోలోనూ అవే పాటలు తిరిగి తిరిగి వస్తాయి, కార్లో వెళ్తూ ఒక వారం వినండి, చాలు. రెండోది పాట వెనకున్న సంగతి. జింగిల్ బెల్స్ 1857లో అచ్చయింది, అందులో క్రిస్మస్ అన్న మాటే లేదు. 1965 డిసెంబర్‌లో జెమిని 6 వ్యోమనౌకలోంచి వాలీ షిరా, టామ్ స్టాఫర్డ్ అదే పాటని మౌతార్గాన్ మీద, గంటలు మోగిస్తూ వినిపించారు. అంతరిక్షంలో వాయించిన మొదటి సంగీతం అదే. సైలెంట్ నైట్ 1818లో ఆస్ట్రియాలోని ఓబెర్న్‌డార్ఫ్‌లో మొదట పాడారు.

"ట్వెల్వ్ డేస్ ఆఫ్ క్రిస్మస్" అని, పన్నెండు రోజులపాటు రోజూ వచ్చే కానుకల్ని లెక్కపెట్టే పాట ఒకటి ఉంది. ఈ పన్నెండు రోజుల పాట గురించి కాస్త ఆగి చెప్పాలి, లెక్క ఇష్టమైనవాళ్ళకి అది వరం. మొదటిరోజు ఒక కానుక. రెండోరోజు రెండు కొత్తవి, మళ్ళీ మొదటిది, మొత్తం మూడు. మూడోరోజు ఆరు. నాలుగోరోజు పది. ఇలా పన్నెండో రోజుదాకా ప్రతిరోజూ వచ్చినవన్నీ కూడితే 364, అంటే ఏడాదిలో రోజులకన్నా ఒకటే తక్కువ. ఆ పన్నెండు రోజులు క్రిస్మస్‌కి ముందు రావు, డిసెంబర్ 25న మొదలై జనవరి 5 దాకా నడుస్తాయి. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్ళలో కూడా చాలామంది ముందువైపు లెక్కపెడతారు.

సినిమాలన్నీ చూడాలని కూర్చోకండి. రెండు చాలు. హోమ్ అలోన్ (1990) ఒకటి, కుటుంబం పిల్లవాణ్ణి మర్చిపోయి ఏ ఊరికి వెళ్ళిందని అడుగుతారు, పారిస్. రెండోది అరగంటలో అయిపోయే కార్టూన్ చార్లీ బ్రౌన్ క్రిస్మస్ (1965), అందులోని బక్కచిక్కిన క్రిస్మస్ చెట్టు గురించి ఏదో ఒకటి తప్పక వస్తుంది. చార్లెస్ డికెన్స్ 1843లో రాసిన "ఎ క్రిస్మస్ కారల్"లో, అంటే పిసినారి స్క్రూజ్ కథలో దయ్యాలు ఎన్ని అంటే ముగ్గురని అందరూ రాస్తారు. స్క్రూజ్ వ్యాపారంలో చనిపోయిన భాగస్వామి మార్లీని కలిపితే నలుగురు.

నన్ను ఎక్కువగా పట్టి ఉంచేవి మాత్రం ఈ దేశపు చరిత్ర ప్రశ్నలు. క్రిస్మస్ ఇక్కడ మొదటినుంచీ ఇంత పెద్ద పండగ అనుకుంటాం. మసాచుసెట్స్ బే కాలనీలో 1659 నుంచి 1681 దాకా క్రిస్మస్ జరుపుకోవడం నేరం, పట్టుబడితే ఐదు షిల్లింగుల జరిమానా. ఫెడరల్ సెలవు అయింది 1870లో, ప్రెసిడెంట్ యులిసిస్ గ్రాంట్ సంతకంతో. ఎడిసన్ దగ్గర పనిచేసిన ఎడ్వర్డ్ జాన్సన్ 1882లో తన ఇంటి చెట్టుకి ఎరుపు, తెలుపు, నీలం బల్బులు 80 చుట్టాడు. చెట్టుకి కరెంటు దీపాలు పెట్టడం అప్పుడే మొదలు.

ఒకప్పుడు పండగని నిషేధించిన అదే మసాచుసెట్స్‌లో, ఇప్పుడు బోస్టన్ కామన్ అనే పార్కులో వెలిగే పెద్ద చెట్టు ఏటా కెనడాలోని నోవా స్కోషియా నుంచి వస్తుంది. 1917 డిసెంబర్ 6న హాలిఫాక్స్ రేవులో పేలుడు పదార్థాలతో ఉన్న ఫ్రెంచ్ ఓడ మరో ఓడని ఢీకొని పేలిపోయింది. సుమారు రెండువేల మంది చనిపోయారు, ఊళ్ళో చాలా భాగం నేలమట్టమైంది. కబురు అందిన రాత్రే బోస్టన్ నుంచి డాక్టర్లతో, నర్సులతో, మందులతో రైలు బయల్దేరింది. మరుసటి ఏడాది నోవా స్కోషియా ప్రజలు కృతజ్ఞతగా ఒక చెట్టు పంపారు. 1971 నుంచి ఏటా పంపుతూనే ఉన్నారు. మీరు బోస్టన్ చుట్టుపక్కల ఉంటే పిల్లల్ని తీసుకెళ్ళి ఆ చెట్టు చూపించి ఈ కథ చెప్పండి.

పార్టీ పేరు హాలిడే పార్టీ కాబట్టి హనుకా, క్వాంజా గురించి కూడా ఒకటో రెండో ప్రశ్నలుంటాయి. హనుకా యూదుల పండగ, ఎనిమిది రాత్రులు, దీపస్తంభానికి మాత్రం తొమ్మిది కొవ్వొత్తులు, ఎందుకంటే తొమ్మిదోది మిగతావాటిని వెలిగించడానికి. క్వాంజా 1966లో మొదలైన ఆఫ్రికన్ అమెరికన్ పండగ, డిసెంబర్ 26 నుంచి జనవరి 1 దాకా, ఏడు కొవ్వొత్తులు.

కొన్ని టీంలలో కొత్తవాళ్ళనే ప్రశ్నలు తయారుచేయమంటారు. ఒప్పుకోండి, అందరి పేర్లూ ఒక్కరోజులో తెలుస్తాయి. సంవత్సరాలు అడిగే ప్రశ్నలు తగ్గించండి, తెలియనివాళ్ళు కూడా ఊహించగలిగేవి పెట్టండి. "ప్రతి ఏటా లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌కి చెట్టు పంపే దేశం ఏది?" అని నాలుగు దేశాలిస్తే టేబులంతా మాట్లాడుతుంది. జవాబు నార్వే, రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ చేసిన సాయానికి కృతజ్ఞతగా 1947 నుంచి. విశ్వాసం ఉందా లేదా అని తేల్చే ప్రశ్నలు, చర్చికి వెళ్తారా అనేవి అసలు వద్దు.

పార్టీకి కుటుంబాలు వస్తుంటే ఇంకో జాగ్రత్త చాలా ముఖ్యం. చిన్నపిల్లలు వినేలా సాంటా కల్పితమని తెలిసే ప్రశ్నగానీ మాటగానీ రానివ్వకండి. ఇక్కడి తల్లిదండ్రులు ఆ నమ్మకాన్ని ఎన్నో ఏళ్ళు శ్రద్ధగా కాపాడతారు. ఇంట్లో మీ పిల్లలకి అసలు సంగతి తెలిసి ఉంటే, తోటి పిల్లల దగ్గర చెప్పొద్దని వెళ్ళేముందే చెప్పి తీసుకెళ్ళండి. పిల్లలున్న క్విజ్‌కి బాగా నప్పే ప్రశ్న నోరాడ్ అనే సైనిక గగనతల రక్షణ సంస్థది. కొలరాడోలోని వైమానిక రక్షణ కేంద్రానికి 1955లో సాంటా కోసం ఒక పిల్లవాడి ఫోన్ పొరపాటున వచ్చింది. అప్పటినుంచి ఏటా క్రిస్మస్ ముందురోజు రాత్రి సాంటా ఎక్కడిదాకా వచ్చాడో సైన్యమే పిల్లలకి చెబుతోంది. ఆ రాత్రి మీ పిల్లలు కూడా ఫోన్ చేసి అడగొచ్చు.

టై అయితే అడగడానికి ఒక సంఖ్య ప్రశ్న విడిగా ఉంచుకోండి, దగ్గరగా చెప్పిన టీంది గెలుపు. పన్నెండు రోజుల పాటలోని 364 దానికి బాగా పనికొస్తుంది, ముందు రౌండ్లలో వాడేయకుండా చూసుకోండి.