స్టేషన్‌కి తీసుకెళ్లి రోజు దాటినా వదల్లేదా? ముందు కాగితంలో టైమ్ చూడండి

సమస్య: "ఊరికే అడిగి పంపించేస్తాం" అని మనవాడిని జీపు ఎక్కించారు. తెల్లారింది. ఇంటికి పంపలేదు, కోర్టులోనూ పెట్టలేదు.

బెజవాడలో ఇలా ఎవరు ఫోన్ చేసినా నేను అడిగేది ఒకటే: కాగితం ఏమిచ్చారు? కార్పొరేటర్ ఇంటిదాకా వెళ్లొచ్చినవాళ్లు కూడా ఇది మాత్రం చూసుకోరు. బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 35(3) నోటీసైతే అది అరెస్టు కాదు, చెప్పిన రోజున వెళ్లి హాజరవ్వాలి. ఏడేళ్లలోపు శిక్షపడే కేసుల్లో మామూలుగా ఇవ్వాల్సింది ఇదే. వాట్సాప్‌లో పంపితే చెల్లదు.

అరెస్టు మెమో, అంటే అరెస్టు చేశామని రాసిచ్చే కాగితం అయితే మాత్రం ఆగి చదవండి. అరెస్టు చేసినవాడిని 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. తిరకాసంతా అందులో రాసిన టైమ్‌లోనే. సోమవారం సాయంత్రం ఆరింటికి తీసుకెళ్తారు, మెమోలో మంగళవారం సాయంత్రం ఐదు గంటలని రాస్తారు. బుధవారం మధ్యాహ్నం మేజిస్ట్రేటు ముందు పెడితే కాగితం మీద 24 గంటలు దాటలేదు! సోమవారం రాత్రి లెక్కలోంచి మాయం. పైగా ఆ మెమోకి సాక్షి సంతకం మనింటివాళ్లదే. "ఇక్కడ పెట్టమ్మా, మీవాడిని చూపిస్తా" అంటాడు స్టేషన్లో కాగితాలు రాసే రైటర్, తల్లి పెట్టేస్తుంది. నిజానికి లెక్క మొదలవ్వాల్సింది మనిషిని కదలనివ్వకుండా పట్టుకున్నప్పటి నుంచి. ప్రయాణ సమయం ఒక్కటే మినహాయింపు.

పరిష్కారం: జీపు కదలగానే 112కి ఫోన్ చేసి పేరు, టైమ్ చెప్పండి. గుంటూరైతే ఎస్పీకి, ఇక్కడైతే కమిషనర్‌కి మెసేజ్ కూడా పెట్టండి. రేపు కోర్టులో చూపించడానికి ఆ టైమే దిక్కు. మెమోలో టైమ్ తప్పుంటే సంతకం పక్కనే అసలు టైమ్ రాయండి. రాయనివ్వకపోతే సంతకం వద్దు. రిమాండ్‌కి పెట్టినప్పుడు అసలు ఎప్పుడు పట్టుకెళ్లారో మనవాడే మేజిస్ట్రేటుకి నోరు తెరిచి చెప్పాలి. ఆ రోజే స్టేషన్ సీసీ కెమెరా ఫుటేజీ భద్రపరచమని పిటిషన్ వేయించండి. స్టేషన్లలో కెమెరాలు పెట్టి రికార్డింగ్ దాచాలని సుప్రీంకోర్టు 2020లోనే చెప్పింది. వకీలుకి డబ్బుల్లేకపోతే 15100కి చేస్తే ఉచిత న్యాయసహాయం దొరుకుతుంది.

మిగతావి అరుదు. ధర్నాకి ముందు బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 170 (ముందస్తు అరెస్టు) కింద ఎత్తుకెళ్లినా 24 గంటలే. ఆడవాళ్లను సూర్యాస్తమయం తర్వాత అరెస్టు చేయాలంటే అసాధారణ కారణం, మహిళా అధికారి, మేజిస్ట్రేటు ముందస్తు అనుమతి ఉండాలి. మనిషి ఏ స్టేషన్లో ఉన్నాడో కూడా చెప్పకపోతే ఇవన్నీ పక్కనపెట్టి అమరావతి హైకోర్టులో హెబియస్ కార్పస్ (మనిషిని కోర్టు ముందు హాజరుపరచమని అడిగే పిటిషన్) వేయించండి.