బండికి రెండో డీజిల్ ట్యాంకు – నాలుగో పాఠం: ఇంజన్ లైను జోలికి పోకుండా

పోయిన పాఠంలో ట్యాంకును ఛాసీకి బిగించాం. 40 లీటర్లు నింపితే డీజిలే 33 కిలోల దాకా తూగుతుంది కాబట్టి, బోల్టులు ఇంకోసారి చూసుకున్నాకే ఇవాళ్టి పనిలోకి దిగండి. బండిలో మార్పులకు అనుమతి కావాలనే 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను సంగతి రెండో పాఠంలో చెప్పాను. రవాణా శాఖ కాగితం చేతికి రాకుండా బండిని రోడ్డెక్కించకండి. ఇంకోమాట, ఈ పాఠాలు డీజిల్ బండ్లకే. పెట్రోలు ఆవిరి ఎంత చలిలోనైనా అంటుకుంటుంది, దాని లెక్కలు వేరు.

రెండో ట్యాంకులోని డీజిల్ ఇంజన్‌కు ఎలా చేరాలి? ఒంగోలులో అడిగినా, నెల్లూరులో అడిగినా ముందు వినబడేది ఒకటే: "మెయిన్ లైన్లో టీ (మూడు దారుల అతుకు) వేసి, వాల్వు పెట్టేస్తే పోలా!"

పోదు. డీజిల్ ఇంజన్ తను లాక్కున్నదంతా కాల్చదు. మిగిలింది రిటర్న్ లైను గుండా మళ్లీ మెయిన్ ట్యాంకుకే వెళ్తుంది. మెయిన్ ట్యాంకు నిండుగా ఉండగా వాల్వును రెండో ట్యాంకు వైపు తిప్పారనుకోండి, లాగేది ఇక్కణ్ణుంచి, పోసేది అక్కడికి. కాసేపటికి డీజిల్ పొంగి రోడ్డు మీద పడుతుంది. వెనక వచ్చే మోటారుసైకిలు మనిషి జారిపడితే ఎవరిది పాపం?

సప్లైని, రిటర్న్‌ను ఒకేసారి మార్చే ఆరు దారుల వాల్వు దొరుకుతుంది. దానితో పొంగడం ఆగుతుంది. అయినా నాకది నచ్చదు. చాలా బండ్లలో ఇంజన్ వైపు లైను పీల్చుకునే లైను. అక్కడ అతుకు వదులైతే డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. కింద తడి కనబడదు, వాసన రాదు, బండి మాత్రం ఆగిపోతుంది. ఉదయగిరి కొండల పక్క రాళ్ల బాటలో మిట్టమధ్యాహ్నం ఎయిర్ లాక్ (లైన్లో చిక్కిన గాలి) తీసుకుంటూ కూర్చునే టెన్షన్ మనకెందుకు?

మన పద్ధతి ఇంట్లో సంపు నుంచి పై ట్యాంకుకు మోటారు వేయడం లాంటిదే. రెండో ట్యాంకు పని మెయిన్ ట్యాంకును నింపడం వరకే. ఇంజన్‌కు దానితో సంబంధం ఉండదు. పంపు చెడితే ఆ డీజిల్ అక్కడే ఉండిపోతుంది తప్ప బండి ఆగదు.

రెండో ట్యాంకు నుంచి లాగే గొట్టం అడుగును తాకకూడదు, వేలెడు ఎత్తులో ఆపండి. నీరు, మడ్డి అడుగునే చేరతాయి. తర్వాత ఫిల్టరు, ఆపైన తక్కువ ప్రెషరుతో నడిచే 12 వోల్టుల డీజిల్ పంపు. పంపు నుంచి వచ్చే హోసును మెయిన్ ట్యాంకు ఫిల్లర్ గొట్టానికి (డీజిల్ పోసే గొట్టం), మూతకు కాస్త దిగువన కలపండి. రిటర్న్ లైనుకు కలపొద్దు. రెండో ట్యాంకు మెయిన్ ట్యాంకు కంటే ఎత్తులో ఉంటే సోలనాయిడ్ వాల్వు (కరెంటు ఉన్నంతసేపే తెరుచుకునేది) కూడా కావాలి, ఎందుకంటే చాలా పంపులు ఆగినా దారి మూసుకోవు, డీజిల్ దానంతటదే దిగిపోతూ ఉంటుంది.

లాత్ షాపులో జీఐ నిపుల్ (జింకు పూసిన ఇనుప అతుకు) ఇస్తే వద్దనండి. జింకు డీజిల్‌తో కలిసి జిగటగా మారి ఫిల్టరును, ఇంజెక్టర్లను పూడ్చేస్తుంది. నీళ్ల హోసు ఉబ్బిపోతుంది, డీజిల్ హోసే కొనండి. సైలెన్సరు ఉన్న వైపు లైను వేయొద్దు. కొత్తపట్నం, మైపాడు తీరంలో తిరిగే బండికి స్టెయిన్‌లెస్ క్లిప్పులు తప్పనిసరి, మామూలువి ఉప్పు గాలికి తుప్పు పట్టిపోతాయి.

కరెంటు పని చిన్నదే. బ్యాటరీ పక్కనే ఫ్యూజు, తర్వాత రిలే (స్విచ్చు మీద భారం పడకుండా పంపుకు కరెంటు అందించేది), పంపు. స్విచ్చు తాళం తిప్పితేనే పనిచేసేలా కలపండి. పంపు నడుస్తున్నంతసేపు వెలిగే ఎర్ర లైటొకటి డ్యాష్‌బోర్డు మీద ఉండాలి, లేకపోతే ఆపడం మరిచిపోతారు.

ఇప్పుడు వెంట్ గొట్టం. చాలామంది దీన్ని ఆఖర్లో గుర్తు తెచ్చుకుంటారు. డీజిల్ బయటికి పోతుంటే ఆ ఖాళీలోకి గాలి రావాలి. రాకపోతే పంపు మూలుగుతుంది, రేకు లోపలికి లాక్కుపోతుంది. ఎండకు దీనికి వ్యతిరేకం జరుగుతుంది. లీటరు డీజిల్ డిగ్రీకి సుమారు 0.8 మిల్లీలీటర్లు పెరుగుతుంది. బంకు ట్యాంకు భూమిలో ఉంటుంది కాబట్టి అక్కడ చల్లగా ఉన్న డీజిల్, మే నెలలో చీమకుర్తి క్వారీ దగ్గర నిలబెట్టిన బండిలో 20 డిగ్రీలు వేడెక్కితే 40 లీటర్లకు అర లీటరు పైగా పెరుగుతుంది. అందుకే 40 లీటర్ల ట్యాంకులో 38 దాటి పోయించకండి. వెంట్ గొట్టాన్ని ఫిల్లర్ మూత కంటే పైకి తీసుకెళ్లి, బండి బోల్తా పడితే మూసుకునే వాల్వు, దుమ్ము ఆపే చిన్న ఫిల్టరు పెట్టండి. మన్నేరు, గుండ్లకమ్మ పాయలు దాటేటప్పుడు నీళ్లు దాన్ని అందుకోకూడదు.

పరీక్షకు ఐదు లీటర్లు చాలు. హోసును గుర్తులున్న క్యానులో పెట్టి ఒక్క నిమిషం పంపు నడపండి. ఎంత పడిందో రాసుకుంటే, 20 లీటర్లకు ఎన్ని నిమిషాలో తేలిపోతుంది. మెయిన్ ట్యాంకు సగానికి దిగాకే పంపు వేయాలి. తర్వాత హోసు ఫిల్లర్‌కు కలిపి, ప్రతి అతుకు కింద పాత పేపరు పరిచి, బండిని వాలులో రాత్రంతా ఉంచండి. పేపరు మీద ఒక్క మరక కనబడినా ఆ క్లిప్పు విప్పి మళ్లీ వేయండి.

వచ్చే పాఠంలో ఫ్లోటు, మీటరు.