చెన్నై వానలకు ముందు: ఇంట్లో బబూన్ టరంటులా ఉంటే

అక్టోబరు సగం దాటిందంటే చెన్నైలో ఈశాన్య రుతుపవనాల వానలు మొదలైనట్టే. వాటి వెనకే దోమలు, చీమలు, కరెంటు కోతలు. బబూన్ టరంటులా అనే పెద్ద ఆఫ్రికా సాలీడును పెంచేవాళ్లకు వీటన్నిటికంటే పెద్ద గండం దోమల మందు. కాయిల్, ప్లగ్‌కి పెట్టే లిక్విడ్, స్ప్రే, దాదాపు అన్నిట్లోనూ ఉండేవి పురుగుల నరాలను దెబ్బతీసే పైరిథ్రాయిడ్లే. సాలీడు వాటిని తట్టుకోలేదు.

వేళచ్చేరిలో మేం అద్దెకు దిగిన ఏడాది, వీధిలో పొగమందు కొడుతుంటే కిటికీ మూయడం మర్చిపోయాను. తెల్లారి చూస్తే నా నారింజ రంగు బబూన్ కూర్చున్నచోటే ఉంది, కానీ ఎనిమిది కాళ్లూ పొట్ట కిందికి ముడుచుకుపోయాయి. మళ్లీ కదల్లేదు. ఆ బాధ ఇంకా పోలేదు. పొగ యంత్రం చప్పుడు వినగానే కిటికీలు మూసి సాలీడు ఉండే డబ్బాను లోపలి గదిలో పెట్టండి. ఆ గదిలో దోమలకు తెర తప్ప ఏ మందూ వద్దు.

అదే వెల్లకిలా పడుకుని కాళ్లు చాపుకుందంటే కంగారుపడకండి, కుబుసం విడుస్తోంది. ముట్టుకోవద్దు. లోపల తిండికి వేసిన కీచురాయి మిగిలి ఉంటే పొడవాటి పట్టకారుతో తీసేయండి, మెత్తబడ్డ ఒంటిని అది కొరికేస్తుంది. కొత్త కోరలు తెల్లగా ఉంటాయి. అవి నల్లబడేదాకా తిండి పెట్టొద్దు.

వానాకాలంలో గాల్లోనే చెమ్మ ఉంటుంది కాబట్టి నీళ్లు చల్లడం తగ్గించండి. నారింజ బబూన్‌కి పొడి నేలే ఇష్టం. డబ్బాలో పరిచిన కొబ్బరి పొట్టుకు బూజు పడితే ఆ ముక్క తీసేస్తే చాలు. చీమలకు మందు సుద్దతో గీత గీయొద్దు, అదీ విషమే. డబ్బా పెట్టిన స్టూలు కాళ్లను నీళ్ల గిన్నెల్లో పెట్టే మన అమ్మమ్మల పద్ధతే మేలు.

దీని కోపం సంగతి ఇంట్లో అందరికీ తెలియాలి. అమెరికా ఖండాల టరంటులాలు చాలావరకు దురద వెంట్రుకలు విసిరి బెదిరిస్తాయి. ఆఫ్రికా నుంచి వచ్చిన బబూన్‌కి ఆ వెంట్రుకలు లేవు, అందుకే కరుస్తుంది. ముంగాళ్లు ఎత్తి కోరలు చూపిస్తే చెయ్యి వెనక్కి తీసుకోవాల్సిందే. కింగ్ బబూన్ అనే రకమైతే బుసకొట్టినట్టు చప్పుడు కూడా చేస్తుంది. కాలి కొస నుంచి కొసకు 20 సెంటీమీటర్ల దాకా పెరిగే జీవి అది. కరిస్తే విపరీతమైన నొప్పి, వాపు, కండరాల పట్టివేత. పాము విషానికి ఇచ్చే మందు దీనికి పనిచేయదు. ఉంగరాలు తీసేసి, సబ్బుతో కడిగి, సాలీడు పేరు రాసుకుని ఆసుపత్రికి వెళ్లండి.

ఈ కాలంలో కొత్తది పార్శిల్లో తెప్పించే ఆలోచనే వద్దు. 2021లో పోలండ్ నుంచి వచ్చిన ఒక పార్శిల్లో 107 బతికున్న సాలీళ్లను చెన్నై కస్టమ్స్ వాళ్లు పట్టుకుని వెనక్కి పంపేశారు. దూది చుట్టిన చిన్న సీసాల్లో అంత ప్రయాణం తలచుకుంటేనే మనసు ఒప్పదు.

ఇంట్లోకి నీళ్లొస్తాయనుకుంటే డబ్బాను ఎత్తులో పెట్టండి, కానీ అటక అంచున కాదు. మూరెడు ఎత్తు నుంచి పడినా దాని పొట్ట పగిలిపోవచ్చు. ఇల్లు ఖాళీ చేయాల్సొస్తే బొరియ తవ్వి బయటికి లాగొద్దు, మూతకు టేపు వేసి, గాలి రంధ్రాలు వదిలేసి, డబ్బాను అలాగే మోసుకెళ్లండి. పెద్ద సాలీడు వారాల తరబడి తిండి లేకున్నా ఉంటుంది. దానికి తాగే నీళ్లు పోసిన చిన్న మూతను మాత్రం ఎండనివ్వొద్దు.